ఊళ్లో ఉండి సీఏ చదవడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు రిజిస్ట్రేషన్ నుంచి మెంబర్‌షిప్ దాకా

మన జిల్లాల్లో కామర్స్ పిల్లలు సీఏ అనగానే మొదట అడిగేది సిలబస్ గురించి కాదు, ‘విజయవాడ వెళ్లాలా, హైదరాబాద్ వెళ్లాలా’ అని. తల్లిదండ్రులు హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు కలిపి కాగితం మీద లెక్కేసుకుని, ఆ మొత్తం చూసి బెంగపడి, ‘మనవల్ల కాదులే, డిగ్రీ చేసి బ్యాంకు పరీక్షలు రాసుకో’ అనేస్తారు. కొన్ని ఇళ్లలోనైతే ‘సీఏ అంటే ఏటి బాబూ, బ్యాంకు ఉద్యోగమా?’ అన్న దగ్గరే ఆగిపోతుంది.

నేను విజయనగరంలో ప్రాక్టీస్ చేస్తున్న సీఏని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కోర్సులో ఊరు దాటాలా వద్దా అని గట్టిగా ఆలోచించాల్సిన దశ ఒకటి ఉంది, కానీ అది అందరూ అనుకునే మొదటి మెట్టు కాదు, ఆర్టికల్‌షిప్, అంటే ఒక సీఏ దగ్గర పని నేర్చుకునే రెండేళ్లు. ఫౌండేషన్ అనే ఆ మొదటి మెట్టుకే లక్షలు పోసి హాస్టల్లో పెట్టి, అసలు అవసరం వచ్చేసరికి చేతిలో రూపాయి లేక ఇబ్బంది పడుతున్న ఇళ్లను చాలా చూశాను. అందుకే ఏ దశలో ఇంట్లో ఉండొచ్చు, డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి అన్నది కూడా పక్కనే చెప్పుకుంటూ వెళ్తాను.

ముందు దారంతా ఒకసారి చూడండి

సీఏ కోర్సు నడిపేది ఐసీఏఐ, అంటే భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ. పార్లమెంటు చేసిన 1949 నాటి చట్టం కింద ఏర్పడింది. ఇది యూనివర్సిటీ కాదు, కాలేజీ సీటు అన్న మాటే లేదు, కౌన్సెలింగ్ లేదు, ర్యాంకు లేదు. ఫీజు కట్టి రిజిస్టర్ అయితే పుస్తకాలు ఇంటికే వస్తాయి, పరీక్ష మాత్రం దేశం మొత్తానికీ ఒకటే. 2023 జులై నుంచి కొత్త పద్ధతి వచ్చింది, కాబట్టి ఐదారేళ్ల కిందట చదివిన అన్నయ్య చెప్పిన రూల్స్‌లో సగం ఇప్పుడు చెల్లవు. ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది, మొదటి రెండు మెట్ల పరీక్షలు ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి: జనవరి, మే, సెప్టెంబర్.

మెట్లు మూడు. ఫౌండేషన్, తర్వాత సీఏ ఇంటర్, ఆపైన రెండేళ్ల ఆర్టికల్‌షిప్ చేసి ఫైనల్. (మన దగ్గర ఇంటర్ అంటే జూనియర్, సీనియర్ ఇంటరే కాబట్టి ఈ కోర్సులోదాన్ని ప్రతిసారీ ‘సీఏ ఇంటర్’ అనే రాస్తాను.)

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2026లో సీనియర్ ఇంటర్ పరీక్షలు రాసిన అమ్మాయి మే 1 లోపు ఫౌండేషన్‌కి రిజిస్టర్ అయితే సెప్టెంబర్‌లో పరీక్ష రాయొచ్చు, ఎందుకంటే రిజిస్ట్రేషన్‌కీ పరీక్షకీ మధ్య నాలుగు నెలలు ఉండాలి. పాసైతే 2027 జనవరి 1 లోపు సీఏ ఇంటర్‌కి రిజిస్టర్ అవ్వాలి, దానికి ఎనిమిది నెలలు ఉండాలి, అంటే 2027 సెప్టెంబర్ పరీక్ష. ఆ ఏడాది చివర్లో ఆర్టికల్‌షిప్ మొదలుపెడితే 2029 చివరికి పూర్తవుతుంది. తర్వాత ఆరు నెలల చదువు విరామం, 2030లో ఫైనల్. ఒక్కటీ తప్పకుండా వెళ్తే నాలుగేళ్ల పైచిలుకు. చాలామందికి ఎక్కడో ఒకచోట ఒకటి రెండు ప్రయత్నాలు పోతాయి, కాబట్టి ఇంట్లో చెప్పేటప్పుడు ఐదారేళ్లు అని చెప్పండి, తర్వాత టెన్షన్ ఉండదు.

రిజిస్ట్రేషన్: పేరు దగ్గరే చూసుకోండి

పదో తరగతి పాసైతే ఫౌండేషన్‌కి రిజిస్టర్ అవ్వొచ్చు, పరీక్ష మాత్రం సీనియర్ ఇంటర్ పాసయ్యాకే. అంతా ఐసీఏఐ సైట్‌లో ఎస్ఎస్‌పీ అనే పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. ఇక్కడ మనవాళ్లకు వచ్చే తలనొప్పి ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కి ముందే ఆధార్‌ని టెన్త్ మెమో ప్రకారం సరిచేయించుకోండి. రేపు మెంబర్‌షిప్ సర్టిఫికెట్ మీద కూడా ఇదే పేరు వస్తుంది.

ఫీజులు చూస్తే, ఫౌండేషన్ రిజిస్ట్రేషన్ 9 వేలు, సీఏ ఇంటర్ రెండు గ్రూపులకు 18 వేలు, ఫైనల్‌కి 22 వేలు, వీటికి తోడు పరీక్ష ఫీజులు, మధ్యలో చేయాల్సిన ట్రైనింగ్ కోర్సుల ఫీజులు ఉంటాయి. మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు సైట్‌లో చూసుకోండి. అన్నీ ఒక్కసారిలో గట్టెక్కితే ఇన్‌స్టిట్యూట్‌కి కట్టేదంతా కలిపి లక్ష దాటదు, అదీ నాలుగైదేళ్లలో. అంటే సీఏ ఖరీదైన చదువు కాదు, దాని చుట్టూ ఉన్న కోచింగ్, హాస్టలే ఖరీదు. మార్కులు బాగా వచ్చినవాళ్లకీ, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ల పిల్లలకీ ఇన్‌స్టిట్యూట్ స్కాలర్‌షిప్‌లు కూడా ఇస్తుంది. మన వైపు నుంచి అప్లై చేసేవాళ్లే తక్కువ.

ఫౌండేషన్: ఇంట్లోనే ఉండి చదవండి

నాలుగు పేపర్లు, ఒక్కోటి 100 మార్కులు. అకౌంటింగ్, బిజినెస్ లా రెండూ రాసే పేపర్లు, మూడేసి గంటలు. మ్యాథ్స్, రీజనింగ్, స్టాటిస్టిక్స్ కలిసిన పేపరూ, ఎకనామిక్స్ పేపరూ బిట్లే, రెండేసి గంటలు, తప్పు బిట్టుకి పావు మార్కు పోతుంది. ప్రతి పేపర్‌లో 40 రావాలి, నాలుగూ కలిపి 200 రావాలి. వినడానికి సులువుగా ఉంటుంది గానీ 2025 మే పరీక్షలో పాసైనవాళ్లు నూటికి 15 మందే.

ఎందుకు పోతోంది? ఎంపీసీ, ఎంఈసీ పిల్లలు మ్యాథ్స్ పేపర్ చూసుకుని ధీమాగా ఉండి లా పేపర్‌లో 35 దగ్గర ఆగిపోతారు. సీఈసీ పిల్లలు మ్యాథ్స్ అంటే భయపడి దాన్ని మొత్తం వదిలేసి 40 తెచ్చుకోలేకపోతారు. రెండో రకంవాళ్లకు నేను చెప్పేది, ఆ పేపర్‌లో రీజనింగ్ 20 మార్కులు, స్టాటిస్టిక్స్ 40, ముందు ఈ 60 పట్టండి, తర్వాత మ్యాథ్స్ భాగంలో వడ్డీ లెక్కలు, నిష్పత్తులు. మామూలు 12 అంకెల కాలిక్యులేటర్ ఒకటి మొదటి రోజే కొనుక్కుని ఫైనల్ దాకా దాన్నే వాడండి. చక్రవడ్డీ, యాన్యుటీ దాని మీద వేగంగా చేయడం ఒక వారంలో వచ్చేస్తుంది, సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ని హాల్లోకి రానివ్వరు.

కోచింగ్ కావాలా? ఐసీఏఐ వాళ్లే ఉచితంగా ఆన్‌లైన్ క్లాసులు చెప్తున్నారు. స్టడీ మెటీరియల్, గత పేపర్లకు వాళ్లే రాసిన సజెస్టెడ్ ఆన్సర్లు, ప్రతి పరీక్షకు ముందు వచ్చే ఆర్‌టీపీ, ఎంటీపీ అనే నమూనా పేపర్లు అన్నీ సైట్‌లో ఊరికే దొరుకుతాయి. ఇంట్లో నెట్ ఉండి, ఒక గది తలుపు వేసుకునే వీలుంటే ఫౌండేషన్‌కి పలాస నుంచో, సాలూరు నుంచో, రాజాం నుంచో ఎక్కడికీ కదలక్కర్లేదు. అకౌంట్స్‌లో పునాది లేని ఎంపీసీ పిల్లలు మాత్రం దగ్గర్లో కామర్స్ లెక్చరర్ ఎవరైనా ఉంటే రెండు నెలలు జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ కూర్చుని నేర్చుకోండి. ఆ భాగం వీడియో చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, చెయ్యబోతే రాదు.

ఇంకో మాట. మూడుసార్లు మనసుపెట్టి రాసినా ఫౌండేషన్ దాటకపోతే అక్కడే ఏళ్లు పోగొట్టుకోవద్దు. బీకాం పూర్తి చేసి వెనక దారిలో రావొచ్చు, అదెలాగో కింద చెప్తాను.

తెలుగు మీడియం వాళ్లకు

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో తెలివైన పిల్లలు వెనక్కి తగ్గేది ఇక్కడే. పరీక్ష ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో కుదరదు. దానికి ‘నాకు ఇంగ్లిష్ రాదు’ అని మానేస్తారు. సీఏ పేపర్‌కి కావాల్సింది మాట్లాడే ఇంగ్లిష్ కాదు. చిన్న చిన్న వాక్యాల్లో, చట్టంలో ఉన్న పదాన్నే వాడి, మూడు ముక్కల్లో జవాబు రాయడం కావాలి: చట్టం ఏం చెప్తోంది, మన కేసుకి అది ఎలా వర్తిస్తుంది, కాబట్టి తేలిందేమిటి.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి 17 ఏళ్ల కుర్రాడికి 80 వేల సరుకు అప్పు మీద ఇచ్చాడనుకోండి. కుర్రాడు డబ్బు ఎగ్గొట్టాడు. వ్యాపారి కోర్టుకి వెళ్లి వసూలు చేసుకోగలడా? మొదటి ముక్క: 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనర్‌కి ఒప్పందం చేసుకునే అర్హత లేదు, అలాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు, మోహరీ బీబీ కేసులో 1903లో ప్రివీ కౌన్సిల్ ఇదే తేల్చింది. రెండో ముక్క: ఇక్కడ కొన్నవాడు 17 ఏళ్లవాడు, సరుకు వ్యాపారానికి తీసుకున్నది, తిండీ బట్టా లాంటి అవసరం కాదు కాబట్టి సెక్షన్ 68 కూడా వ్యాపారికి అక్కరకు రాదు. మూడో ముక్క: ఒప్పందం మీద దావా వేసి ఆ డబ్బు రాబట్టుకోలేడు. ఇంతే. ఈ మూడు ముక్కలూ ఆరేడు ఇంగ్లిష్ వాక్యాల్లో పట్టేస్తాయి.

రోజూ ఒక లా ప్రశ్న తీసుకోండి. ముందు జవాబు తెలుగులో మీకు మీరే చెప్పుకోండి, తర్వాత పుస్తకం మూసి ఇంగ్లిష్‌లో రాయండి, ఆ తర్వాతే సజెస్టెడ్ ఆన్సర్ పక్కన పెట్టి మీరు వదిలేసిన పదాలు ఎర్ర ఇంకుతో రాసుకోండి. నాలుగు నెలలు ఇది మానకుండా చేసిన తెలుగు మీడియం పిల్లలు, ఇంగ్లిష్ మీడియంలో చదివి ఒక్క జవాబూ చేత్తో రాయని వాళ్ల కంటే లాలో ఎక్కువ మార్కులు తెచ్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

డిగ్రీ అయిపోయినవాళ్లు

బీకాం, ఎంకాంలో 55 శాతం, వేరే డిగ్రీల్లో 60 శాతం ఉంటే ఫౌండేషన్ లేకుండా నేరుగా సీఏ ఇంటర్‌కి రావొచ్చు. డిగ్రీ ఆఖరి ఏడాదిలోనే ప్రొవిజనల్‌గా రిజిస్టర్ అయితే ఆ ఎనిమిది నెలల లెక్క అప్పుడే మొదలవుతుంది. మహారాజా కాలేజీలోనో, శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీలోనో బీకాం చదువుతున్నవాళ్లు ఈ సంగతి ఫస్టియర్లోనే తెలుసుకుని మార్కుల మీద కన్నేసి ఉంచాలి. ఫౌండేషన్ దారిలో వెళ్లేవాళ్లు కూడా డిగ్రీ మానేయొద్దు. సీఏ అవ్వడానికి డిగ్రీ అక్కర్లేదు గానీ, రేపు ఏదైనా ఉద్యోగ నోటిఫికేషన్‌లో అడిగితే కావాలి కదా. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో బీకాం చేసుకోవచ్చు, ఆర్టికల్‌షిప్ టైమ్‌లో డిగ్రీ నడుస్తుంటే ఇన్‌స్టిట్యూట్ అనుమతి తీసుకోవాలి.

సీఏ ఇంటర్

ఆరు పేపర్లు, రెండు గ్రూపులు. మొదటి దాంట్లో అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, కంపెనీ చట్టం తదితర లాలు, ట్యాక్సేషన్. రెండో దాంట్లో కాస్టింగ్, ఆడిటింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌తో కలిపి స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్. నూటికి 30 మార్కులు బిట్లు, వీటికి నెగెటివ్ మార్కులు లేవు, మిగతా 70 రాయాలి. పేపర్‌కి 40, గ్రూపుకి సగం. గ్రూపు పోయినా 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చిన పేపర్‌ని తర్వాతి మూడు ప్రయత్నాల్లో మళ్లీ రాయక్కర్లేదు.

రెండు గ్రూపులూ ఒకేసారి రాయాలా అని అడుగుతారు. వీలైతే రాయండి. రెండూ కలిపి 600కి 300 వచ్చి, ఏ పేపర్‌లోనూ 40 తగ్గకపోతే రెండూ పాసే, ఒక గ్రూపులో పది మార్కులు తగ్గినా ఇంకోటి లాగేస్తుంది. పైగా కొత్త పద్ధతిలో రెండు గ్రూపులూ పాసైతే గానీ ఆర్టికల్‌షిప్ మొదలవ్వదు.

పాత పుస్తకాల గురించి ఒక హెచ్చరిక. సీనియర్ల దగ్గర అకౌంట్స్, కాస్టింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పుస్తకాలు కొత్త సిలబస్‌వైతే తీసుకోండి, డబ్బు మిగులుతుంది. ట్యాక్స్ పుస్తకం మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు కూడా మారాయి. మీ పరీక్షకు ఏ చట్టం, ఏ తేదీ వరకు వచ్చిన సవరణలు వర్తిస్తాయో ఇన్‌స్టిట్యూట్ ప్రతి పరీక్షకూ ప్రకటిస్తుంది, ఆ ప్రకటన చదివాకే ట్యాక్స్ పుస్తకం కొనండి.

చదువు ఇంట్లోనే, క్లాసులు ఆన్‌లైన్‌లోనే. ఆఖరి మూడు నెలలకు మాత్రం వీలైతే విశాఖలో గది తీసుకుని, తోటివాళ్లతో కలిసి మూడు గంటలు గడియారం పెట్టుకుని మాక్ టెస్టులు రాయండి. ఇంట్లో ఉంటే చుట్టాల పెళ్లి, పండగ, పొలం పని ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది.

ఆర్టికల్‌షిప్: అసలు నిర్ణయం ఇదే

చేరే ముందు ఐసీఐటీఎస్ఎస్ అని రెండు కోర్సులు, ఓరియంటేషన్ 15 రోజులు, ఐటీ 15 రోజులు. మనకు దగ్గర విశాఖపట్నం బ్రాంచి. విజయనగరం నుంచి రోజూ రైల్లో వెళ్లి రావొచ్చు, శ్రీకాకుళం నుంచి అయితే నెలరోజులు అక్కడే ఉండటం నయం.

తర్వాత రెండేళ్లు ఒక ప్రాక్టీసింగ్ సీఏ దగ్గర పని. స్టైపెండ్ కనీసం ఎంత ఇవ్వాలో ఊరి జనాభాను బట్టి నిబంధనల్లో ఉంది, చిన్న ఊళ్లో తక్కువే వస్తుంది. దాన్ని బట్టి నిర్ణయం తీసుకోకండి.

మన ఊళ్లో చేస్తే ఏం వస్తుందో చెప్తాను. ఇక్కడి ఆఫీసుల్లో నలుగురైదుగురే ఉంటారు కాబట్టి వోచర్ తిరగేయడం నుంచి రిటర్న్ వేసేదాకా అన్నీ మీ చేతి మీద నడుస్తాయి. నెలనెలా 11కి, 20కి జీఎస్టీ రిటర్న్‌లు, సెప్టెంబర్లో ట్యాక్స్ ఆడిట్లు, ఏప్రిల్లో బ్యాంకు బ్రాంచి ఆడిట్లు. రైస్ మిల్లు ఆడిట్‌కి వెళ్తే ప్రభుత్వానికి ఆడించే ధాన్యంలో క్వింటాకి 67 కిలోల పచ్చి బియ్యం లెక్క, మిగతాది తవుడు, నూక, ఊక. వీటి అమ్మకాలు పుస్తకాల్లో ఎంత కనిపిస్తున్నాయో ఆడిన ధాన్యంతో పోల్చి చూస్తే మిల్లు లెక్క నిజమో కాదో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. కాస్టింగ్ పుస్తకంలో బై-ప్రొడక్ట్ అని చదివింది అక్కడ బస్తాల్లో కనిపిస్తుంది. బ్యాంకు బ్రాంచికి వెళ్తే మామూలు అప్పు 90 రోజులు బాకీ పడితే మొండి బాకీ అవుతుందనీ, వరి లాంటి స్వల్పకాలిక పంట రుణానికి మాత్రం రెండు పంట కాలాలు చూస్తారనీ ఫైలు పట్టుకుని నేర్చుకుంటారు.

ఏం రాదు? పెద్ద లిస్టెడ్ కంపెనీల ఆడిట్, ఇండ్-ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాలు, విదేశీ లావాదేవీలు. రేపు కార్పొరేట్ ఉద్యోగమే లక్ష్యమైతే విశాఖ లేదా హైదరాబాద్‌లో మధ్యరకం ఫర్మ్‌లో చేరండి, ఫౌండేషన్ దగ్గర దాచిన డబ్బు ఇప్పుడు అద్దెకి వాడండి. రెండో ఏడాదిలో 9 నుంచి 12 నెలలు ఏదైనా కంపెనీలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చేసే వీలు కూడా ఉంది. ఊళ్లోనే ప్రాక్టీస్ పెట్టాలనుకుంటే నిస్సందేహంగా ఇక్కడే చెయ్యండి. నన్ను అడిగితే, ఇంకా తేల్చుకోని పిల్లలకు కూడా చిన్న ఊరి ఆఫీసే మంచిది.

చేరే ముందు ప్రిన్సిపాల్‌ని, అంటే మీకు పని నేర్పే సీఏని, మొహమాటం లేకుండా అడగండి: ఏ రకం క్లయింట్లు ఉన్నారు, ఆడిట్‌కి ఆర్టికల్స్‌ని (ఆర్టికల్‌షిప్ చేసే పిల్లలని) తీసుకెళ్తారా లేక ఆఫీసులో ఎంట్రీలు కొట్టడమేనా, ఇంతకుముందు ఇక్కడ చేసినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు. ఆ చివరి ప్రశ్నకు జవాబు వచ్చాక వాళ్లలో ఒకరితో ఫోన్లో మాట్లాడండి. చేరిన వెంటనే ఆర్టికల్‌షిప్ నమోదు ఫారాలు 102, 103 గడువులోగా అప్‌లోడ్ అయ్యాయో లేదో మీరే చూసుకోండి, అవి ఆలస్యమైతే మీ నెలలే పోతాయి.

డమ్మీ ఆర్టికల్‌షిప్ మాట ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పేరు ఒకచోట, మనిషి కోచింగ్‌లో. ఇన్‌స్టిట్యూట్ పట్టుకుంటే ఆ కాలమంతా రద్దు చేస్తుంది, సీఏ మీద కూడా చర్య ఉంటుంది. పట్టుకోకపోయినా నష్టం మీకే, బ్యాలెన్స్ షీట్ చూసి దాంట్లో ఏం తేడా ఉందో చెప్పలేని సీఏకి ఎవరు పని ఇస్తారు?

ఫైనల్

దీనికి ముందు పూర్తి చేయాల్సినవి రెండు. ఒకటి అడ్వాన్స్‌డ్ ఐసీఐటీఎస్ఎస్. రెండోది ఎస్‌పీఓఎం అనే ఆన్‌లైన్ మాడ్యూళ్లు, నాలుగు సెట్లు, ఒక్కోదాంట్లో 50 శాతం రావాలి. వీటిని ఆర్టికల్‌షిప్‌లో ఉండగానే, పని తక్కువున్న నెలల్లో ముగించేయండి, చివరికి పెట్టుకుంటే ఆరు నెలల చదువు విరామం వీటికే కరిగిపోతుంది.

పేపర్లు ఆరు: ఫైనాన్షియల్ రిపోర్టింగ్, అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్, ఆడిటింగ్, డైరెక్ట్ ట్యాక్స్, ఇన్‌డైరెక్ట్ ట్యాక్స్, ఆరోది ఇంటిగ్రేటెడ్ బిజినెస్ సొల్యూషన్స్. ఈ ఆరోదానికి పుస్తకాలు తీసుకెళ్లొచ్చు. పుస్తకం ఉంది కదా అని వదిలేస్తే మునుగుతారు, ఏ విషయం ఎక్కడుందో ముందే తెలియకపోతే హాల్లో పేజీలు తిప్పడంతోనే టైమ్ అయిపోతుంది. అన్నిటికంటే ఎక్కువ రోజులు ఫైనాన్షియల్ రిపోర్టింగ్‌కి ఇవ్వండి, ముఖ్యంగా చిన్న ఊళ్లో ఆర్టికల్‌షిప్ చేసినవాళ్లు.

ఈ దారి నచ్చకపోతే సీఎంఏ ఉంది, కాస్ట్ అకౌంటెంట్ల సంస్థది, ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకు చాలా మంచి కోర్సు, పైడిభీమవరం ఫార్మా కంపెనీలు, బొబ్బిలి పరిశ్రమల వైపు చూసేవాళ్లు ఆలోచించొచ్చు. ఏసీసీఏ బ్రిటన్ కోర్సు, ఫీజు పౌండ్లలో, దానితో మన దేశంలో చట్టబద్ధమైన ఆడిట్ మీద సంతకం పెట్టలేరు. ఇది చెప్పకుండా అడ్మిషన్లు చేసేవాళ్లుంటారు, జాగ్రత్త.

పాసయ్యాక

ఫలితం వచ్చినంత మాత్రాన పేరు ముందు సీఏ అని రాసుకోకూడదు. మెంబర్‌షిప్‌కి అప్లై చేసి నంబర్ రావాలి. ఉద్యోగానికి అది చాలు. సొంతంగా ప్రాక్టీస్ పెట్టాలంటే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ విడిగా తీసుకోవాలి. 2019 నుంచి మీరు సంతకం పెట్టే ప్రతి సర్టిఫికెట్‌కీ, ఆడిట్ రిపోర్ట్‌కీ యూడీఐఎన్ అనే నంబర్ ఉండాలి, బ్యాంకువాళ్లు దాన్ని ఆన్‌లైన్‌లో సరిచూసుకుంటారు. మొదటి నెలల్లో తెలిసినవాళ్లు వచ్చి అప్పు కోసం లేని ఆదాయానికి సర్టిఫికెట్ అడుగుతారు, బంధువులే అడుగుతారు. ఇవ్వకండి. బ్యాంకు బ్రాంచి ఆడిట్లు కావాలంటే ఏటా ఇన్‌స్టిట్యూట్ పిలిచే ఎంఈఎఫ్ ఫారం నింపాలి. వీలైతే తోటి పాసైన ఒకరిద్దరితో కలిసి పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌గా మొదలుపెట్టండి, ఒకరు శ్రీకాకుళంలో, ఒకరు విజయనగరంలో కూర్చుంటే రెండు జిల్లాల పనీ చూసుకోవచ్చు.